టీ మానక్కర్లేదు... వేళ మార్చండి, మోతాదు తగ్గించండి!

తెల్లారగట్ల పాలు పితగ్గానే ఒక గ్లాసు. చేలోకి బయల్దేరే ముందు ఇంకోటి. పదింటికి కూలీలతో పాటు గట్టు మీద ఒకటి. భోజనం చేసి చెయ్యి కడుక్కోగానే ఒకటి. సాయంత్రం ఊళ్ళో టీ బడ్డీ దగ్గర నలుగురితో కలిసి ఒకటి. రాత్రి టీవీ ముందు కూర్చుని మరొకటి. మన పల్లెల్లో చాలామంది రైతుల రోజు ఇలాగే గడుస్తోంది. పిఠాపురం బస్టాండు దగ్గరో, రైల్వే స్టేషను దగ్గరో ఎరువుల కోసమో బ్యాంకు పని మీదో వెళ్ళిన రోజున ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. తెలిసినవాడు ఎదురుపడి "రండి, టీ తాగుదాం" అంటే కాదనడం మర్యాద కాదు కదా!

టీ, కాఫీలు విషం కావు. వాటిని పూర్తిగా మానెయ్యమని ఈ వ్యాసం ఉద్దేశమూ కాదు. అయితే ఏ వేళ తాగుతున్నాం, ఎంత చిక్కగా తాగుతున్నాం, తిండికి బదులుగా తాగుతున్నామా అన్నది మాత్రం ప్రతి రైతు కుటుంబమూ ఒకసారి చూసుకోవాలి. ఎందుకంటే చిన్న కమతం మీద బతికే ఇంట్లో రెక్కలే పెట్టుబడి. నిద్ర చాలకపోయినా, ఒంట్లో రక్తం తక్కువైనా ఆ నష్టం నేరుగా పని మీద పడుతుంది.

ఈ అలవాటు తాతలనాటిది కాదు

చద్దన్నం, తరవాణి, మజ్జిగ, చోడి అంబలి మన పెద్దల పొద్దుటి ఆహారం. టీ మన పల్లెలకు ఆలస్యంగా వచ్చింది. బ్రిటిషువారి కాలంలో అస్సాం టీ ఎక్కువగా విదేశాలకు ఎగుమతి అయ్యేది. ఇక్కడ కూడా అమ్మకం పెంచడానికి 1903లో టీ ఎగుమతుల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. 1937లో ఇందుకోసమే ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు ఏర్పడింది. ఊరూరా టీ కాచి చూపించడం, రుచి చూపించడం వారి పని. అలా అలవాటైంది.

కాఫీ సంగతి కొంచెం వేరు. మన గోదావరి మన్యంలో, మారేడుమిల్లి దగ్గర పాములేరు లోయలో 1898లోనే కాఫీ మొక్కలు నాటారు. ఆ తర్వాత విశాఖ మన్యంలో కాఫీ సాగు బాగా విస్తరించింది. 'అరకు వ్యాలీ అరబికా' కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే కాఫీ మనకు పొరుగు పంటే. దాన్ని శత్రువుగా చూడనక్కర్లేదు, దాని గుణం తెలిసి వాడుకుంటే చాలు.

కెఫీన్ అంటే ఏమిటి?

టీ ఆకులోను, కాఫీ గింజలోను సహజంగా ఉండే పదార్థం కెఫీన్. 1819లో జర్మనీకి చెందిన రుంగే అనే రసాయన శాస్త్రవేత్త కాఫీ గింజల నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశాడు. మొక్క దీన్ని మనకోసం తయారు చేసుకోలేదు. ఆకును, గింజను తినడానికి వచ్చే పురుగుల నుంచి కాపాడుకోవడానికి తయారు చేసుకుంది. ఒకరకంగా ఇది మొక్క సొంత పురుగుమందు! లేత చిగుళ్ళను పురుగు ఎక్కువగా ఆశిస్తుంది కాబట్టి, టీలో రెండాకులు ఒక మొగ్గ ఉండే లేత కొసల్లోనే కెఫీన్ ఎక్కువగా ఉంటుంది.

మన ఒంట్లో ఇది చేసే పని ఇలా ఉంటుంది. పొద్దున్నుంచి పని చేస్తున్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది మెదడులోని కొన్ని గూళ్ళలో చేరి "అలిసిపోయావు, ఇక పడుకో" అని కబురు చెబుతుంది. కెఫీన్ ఆకారం ఇంచుమించు అడినోసిన్‌లాగే ఉండటంతో, అది ముందుగా వెళ్ళి ఆ గూళ్ళలో కూర్చుంటుంది. కబురు అందదు. మనకు అలసట తెలియదు.

కాలువ తూముకి పలక వేస్తే చేలోకి నీరు రావడం ఆగుతుంది. అంతేగాని కాలువలో నీరు తగ్గదు కదా! ఇదీ అంతే. టీ తాగితే అలసట పోదు, అలసట కబురు ఆగుతుందంతే. పలక తీసిన మరుక్షణం వెనక నిలిచిన నీరంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. నాలుగు గంటలకు తాగిన టీ ప్రభావం తగ్గేసరికి కాళ్ళూ చేతులూ పీకేసినట్టు అనిపించడానికి కారణం ఇదే. అలసటకు మందు తిండి, నీళ్ళు, నిద్ర. ఈ మూడింటికీ టీ ప్రత్యామ్నాయం కాదు.

ఎందులో ఎంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పులో కెఫీన్ ఇలా ఉంటుంది:

* టీ: 30 నుంచి 65 మిల్లీగ్రాములు
* ఇన్‌స్టంట్ కాఫీ: 50 నుంచి 65 మిల్లీగ్రాములు
* డికాషన్ తీసి చేసిన కాఫీ: 80 నుంచి 120 మిల్లీగ్రాములు

పెద్దవాళ్ళు రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలని ఆ సంస్థ చెబుతోంది. అంటే ఓ మోస్తరు టీ గ్లాసుకు 50 మిల్లీగ్రాముల లెక్కన వేసుకుంటే, ఆరు గ్లాసులకే హద్దు చేరిపోయినట్టు. పైన చెప్పిన రైతు రోజు లెక్క సరిగ్గా ఆరే!

ఇక్కడ ఒక విషయం గమనించాలి. టీ బడ్డీలో ఇచ్చే కప్పు చిన్నది. ఇంట్లో స్టీలు గ్లాసు పెద్దది. కాబట్టి "నేను రెండుసార్లే తాగుతాను" అనుకునేవారు తమ గ్లాసులో ఎంత పడుతుందో ఒకసారి కొలిచి చూసుకోవాలి. గ్లాసు నిండా 200 మిల్లీలీటర్లు పడితే, రెండు గ్లాసులంటే బడ్డీ కప్పులు ఐదారు తాగినట్టే.

మనం వాడే టీపొడి ఎక్కువగా సి.టి.సి. రకం. ఆకును నలిపి, చించి, చుట్టి గుళికలుగా చేస్తారు. అందులోనూ మరీ సన్నగా ఉండేది డస్టు. రేణువు ఎంత సన్నగా ఉంటే, ఎంతసేపు మరిగిస్తే, సారం అంత త్వరగా, అంత ఎక్కువగా దిగుతుంది. పొద్దున్న వేసిన పొడి మీదే మళ్ళీ కాస్త పొడి చల్లి గంటల తరబడి మరిగించే టీ చిక్కగా, వగరుగా ఉండటానికి కారణం అదే.

కాఫీలోనూ రకాలున్నాయి. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రొబస్టా గింజలో సుమారు 2.2 శాతం ఉంటుంది. చికోరీ అనేది ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేసి కాఫీలో కలుపుతారు. ఇందులో కెఫీన్ అసలు ఉండదు.

నిద్ర సంగతి

తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. కొందరికి మూడు గంటలు, కొందరికి ఏడు గంటలు. సాయంత్రం 4 గంటలకు తాగిన టీలో సగం రాత్రి 9 గంటలకు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. పావు వంతు రాత్రి 2 గంటలకు కూడా ఉంటుంది. ఇక రాత్రి ఏడున్నరకు తాగిన టీ లెక్క చెప్పనక్కర్లేదు.

2013లో అమెరికాలో ఒక పరీక్ష జరిపారు. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తే, గంటకు పైగా నిద్ర తగ్గిపోయింది. మనం ఒక్కసారిగా అంత తాగం. కానీ మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు మూడు నాలుగు గ్లాసులు తాగితే ఆ దారిలోనే పడతాం. "నాకు టీ తాగినా నిద్ర పడుతుంది" అనేవారూ ఉంటారు. నిద్ర పట్టవచ్చు గాని, గాఢంగా పట్టదు. తెల్లారి లేవగానే ఒళ్ళు బరువుగా ఉంటుంది. ఆ బరువు పోగొట్టుకోవడానికి మళ్ళీ టీ! ఈ గానుగెద్దు తిరుగుడు నుంచి బయటపడాలంటే ముందుగా తగ్గించాల్సింది పొద్దుటి టీ కాదు, పొద్దుపోయాక తాగే టీ.

రాత్రి వంతు నీరు పెట్టుకోవడానికో, కళ్ళంలో ధాన్యం కాపలాకో మేలుకోక తప్పని రోజులుంటాయి. ఆ రాత్రి ఒక గ్లాసు తాగితే తప్పులేదు. కానీ ఆ ఒక్క రాత్రి అవసరం ఏడాది పొడుగునా అలవాటు కాకూడదు.

రక్తహీనతకు టీకి సంబంధం ఏమిటి?

ఇది ఇంటి ఆడవాళ్ళు తప్పనిసరిగా తెలుసుకోవలసిన విషయం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉంటాయి. తిండి చాలకపోవడం, నులిపురుగులు, వెంటవెంటనే కాన్పులు... వీటికి తోడు భోజనంతో పాటు టీ తాగడం కూడా ఒకటి.

టీకి వగరునిచ్చే టానిన్లు, అలాంటి పదార్థాలు మనం తిన్న తోటకూర, గోంగూర, పప్పులలోని ఇనుమును పట్టేసుకుంటాయి. అది రక్తంలోకి వెళ్ళకుండా బయటికి పోతుంది. 1983లో వెలువడిన ఒక పరిశోధనలో, భోజనంతో పాటు కాఫీ తాగినవారికి ఇనుము ఒంటబట్టడం 39 శాతం, టీ తాగినవారికి 64 శాతం తగ్గినట్టు తేలింది. భోజనానికి గంట ముందు కాఫీ తాగినప్పుడు మాత్రం ఈ నష్టం కనిపించలేదు. అంటే వేళ మారిస్తే నష్టం తప్పించుకోవచ్చన్నమాట.

ఇందులో తప్పు కెఫీన్‌ది కాదని కూడా గుర్తుంచుకోవాలి. అందుకే "కెఫీన్ తీసేసిన టీ తాగుతున్నాం, ఫర్వాలేదు" అనుకోరాదు. వగరు ఉన్నంతవరకు ఈ ఇబ్బంది ఉంటుంది. భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత వరకు టీ, కాఫీ తాగవద్దని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఇంకా ఎడం ఉంటే ఇంకా మంచిది. భోజనంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయో జామకాయో తిన్నా ఇనుము బాగా ఒంటబడుతుంది.

మన ఇళ్ళల్లో అందరికీ వడ్డించి ఆఖరున తినేది ఇల్లాలు. కూర అడుగంటితే పచ్చడి మెతుకులు తిని, ఆకలి చచ్చిపోయేలా ఇంత టీ తాగి నాట్లకు వెళ్ళేవారు ఎందరో. టీ ఆకలిని అణుస్తుంది గాని బలాన్నివ్వదు. ఒక గ్లాసు టీలో ఉండేది కాసిని పాలు, రెండు చెంచాల పంచదార. దానితో ఆరుగంటల వంగుడు పని ఎలా చేస్తారు? ఆయాసం, కళ్ళు తిరగడం, గోళ్ళు పాలిపోవడం కనిపిస్తే ఏ.ఎన్.ఎం. దగ్గరో, ప్రభుత్వాసుపత్రిలోనో రక్తపరీక్ష చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకు 12 గ్రాములు, గర్భిణులకు 11 గ్రాములు, మగవాళ్ళకు 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క.

ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలను ఎట్టి పరిస్థితుల్లోనూ టీతో వేసుకోరాదు. మంచినీళ్ళతోనో నిమ్మరసంతోనో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు కూడా పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగిన తర్వాతే కాఫీ గాని, టీ గాని తాగాలి. లేకపోతే మాత్ర సరిగా పనిచేయదు.

ఒక్కసారిగా మానితే తలనొప్పి ఎందుకు?

"రేపట్నుంచి టీ బంద్" అని ఒట్టు పెట్టుకున్నవారు రెండో రోజుకే బడ్డీ దగ్గర కనిపిస్తారు. అది వాళ్ళ బలహీనత కాదు. రోజూ కెఫీన్ వస్తుంటే మెదడు అలసట కబురు అందుకోవడానికి మరిన్ని గూళ్ళు ఏర్పాటు చేసుకుంటుంది. ఉన్నట్టుండి కెఫీన్ ఆపేస్తే ఆ గూళ్ళన్నిటికీ ఒకేసారి కబురు అందుతుంది. దాంతో తల పగిలిపోయే నొప్పి, విసుగు, మత్తు, పని మీద ధ్యాస లేకపోవడం మొదలవుతాయి. ఇవి ఆఖరి గ్లాసు తాగిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదిరి, రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల్లో తగ్గిపోతాయి. ప్రాణభయం ఏమీ లేదు. కానీ కోతల సమయంలో ఈ బాధ ఎందుకు? మెల్లగా తగ్గించుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

నాలుగు వారాల్లో ఆరు గ్లాసులు మూడు చేసుకోవడం ఎలా?

పని ఒత్తిడి తక్కువగా ఉన్న వారాలు చూసుకుని మొదలుపెట్టండి. సార్వా నాట్లప్పుడు, దాళ్వా కోతలప్పుడు వద్దు.

మొదటి వారం: ఏమీ మార్చవద్దు. ఎన్ని గ్లాసులు, ఏ వేళకు తాగారో క్యాలెండరు మీద గీతలు పెట్టండి. బడ్డీలో తాగినవి, చుట్టాలింట్లో తాగినవి కూడా లెక్కలోకి రావాలి.

రెండో వారం: రాత్రి గ్లాసు మానేయండి. దాని బదులు గోరువెచ్చని పాలో, పల్చని మజ్జిగో తాగండి. మొత్తం ఐదు గ్లాసులు.

మూడో వారం: భోజనం కాగానే తాగే టీని, సాయంత్రం టీని కలిపి మధ్యాహ్నం 3 గంటలకు ఒక్కటే చేసుకోండి. మొత్తం నాలుగు గ్లాసులు. ఆ తర్వాత బడ్డీ దగ్గర కూర్చోవలసి వస్తే కూర్చోండి, కబుర్లు మానక్కర్లేదు. బాదం పాలో, సోడానో తీసుకోవచ్చు.

నాలుగో వారం: టిఫిను లేదా చద్దన్నంతో తాగే టీ మానేయండి. ఇక మిగిలేవి ఉదయం 6 గంటలకు, 10 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు తాగే మూడు గ్లాసులు. ఈ మూడూ భోజన వేళలకు ఎడంగానే ఉంటాయి. కెఫీన్ 300 నుంచి సుమారు 150 మిల్లీగ్రాములకు దిగుతుంది.

ఏ వారమైనా తలనొప్పి ఎక్కువగా వస్తే తొందరపడవద్దు. ఆ వారాన్నే ఇంకో వారం పొడిగించి, తర్వాత ముందుకు వెళ్ళండి.

ఇంట్లో టీ కాచే విధానంలోనూ మార్పులు చేసుకోవచ్చు. గ్లాసుకు చెంచాడు పొడి వేసేవారు ముప్పావు చెంచాతో, తర్వాత అర చెంచాతో సరిపెట్టుకోవచ్చు. అల్లం, యాలకులు దంచి వేస్తే పొడి తగ్గిన సంగతి నాలుకకు అంతగా తెలియదు. పొడి వేశాక రెండు మూడు నిమిషాలకు మించి మరిగించవద్దు. వాడిన పొడి మీద మళ్ళీ పొడి వేయవద్దు. స్టీలు గ్లాసు తీసి చిన్న కప్పు పెట్టడం అన్నిటికంటే తేలిక.

కాఫీ తాగేవారు ప్యాకెట్టు మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని రాసి ఉన్నది చూసి కొనాలి. చికోరీ పాలు ఎక్కువైతే కెఫీన్ తగ్గుతుంది. విడిపొడి కొంటే ఒక చిన్న పరీక్ష ఉంది. గ్లాసు నీళ్ళలో చిటికెడు పొడి చల్లండి. కాఫీ పొడి పైన తేలుతుంది. చికోరీ నీళ్ళలో రంగు చారలు వదులుతూ కిందికి దిగుతుంది. ఫిల్టరులో మొదటిసారి దిగిన డికాషన్‌లోనే కెఫీన్ ఎక్కువ భాగం ఉంటుంది. రెండోసారి నీళ్ళు పోసి తీసిన డికాషన్ సాయంత్రం వేళకు వాడుకోవచ్చు.

టీ బదులు ఏం తాగాలి?

వేడివేడిగా ఏదో ఒకటి గొంతులో పడాలనిపిస్తే శొంఠి కాఫీ, ధనియాల కాఫీ చేసుకోండి. పేరుకు కాఫీయే గాని వీటిలో కెఫీన్ ఉండదు. పొద్దున్న చోడి జావ, మజ్జిగ కలిపిన చద్దన్నం తింటే ఆకలి తీరుతుంది, పనికి సత్తువ ఉంటుంది. ఎండవేళ చేలో ఉప్పు వేసిన మజ్జిగ, తరవాణి, కొబ్బరినీళ్ళు శ్రేష్ఠం. ఓ చిన్న కప్పు టీతో చెమటకు పోయిన నీరు తిరిగి రాదు.

కూలీలకు టీ ఇవ్వడం మన దగ్గర ఆనవాయితీ. దాన్ని తీసేయమని చెప్పడం లేదు. తీసేస్తే పిసినారితనం కింద జమ అవుతుంది. పదింటికి టీ మామూలుగానే ఇచ్చి, మూడు గంటల వేళ టీతో పాటు ఒక బిందె మజ్జిగ కూడా గట్టు మీద పెట్టండి. ఎవరికి కావలసింది వారు తీసుకుంటారు. దుర్గాడ, గొల్లప్రోలు వైపు మిరప, ఉల్లి చేలల్లో ఎండలో కూర్చుని చేసే పనికి మజ్జిగ విలువ చెప్పనవసరం లేదు.

లెక్క చూసుకోండి

బడ్డీలో కప్పు పది రూపాయలనుకుందాం. రోజుకు మూడు కప్పులు తగ్గితే 30 రూపాయలు. ఏడాదికి 10,950 రూపాయలు. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే సొమ్ము 6,000 రూపాయలే అన్నది పక్కన పెట్టి చూసుకోండి.

ఇంట్లో తాగేవారికీ మిగులు ఉంటుంది. గ్లాసుకు 10 గ్రాముల పంచదార, 50 మిల్లీలీటర్ల పాలు అనుకుంటే, మూడు గ్లాసులు తగ్గించిన ఒక్క మనిషికి ఏడాదికి దాదాపు 11 కిలోల పంచదార, 55 లీటర్ల పాలు మిగులుతాయి. ఆలుమగలిద్దరూ తగ్గిస్తే 110 లీటర్లు. గేదె పాలు కేంద్రానికి పోసే ఇల్లయితే ఆ పాలు డబ్బవుతాయి. పిల్లలున్న ఇల్లయితే వాళ్ళ గ్లాసులోకి వెళతాయి. రెండోదే మేలు.

వీరు మరింత జాగ్రత్తగా ఉండాలి

గర్భిణులు: గర్భంతో ఉన్నప్పుడు కెఫీన్ ఒంట్లోంచి త్వరగా పోదు. నెలలు నిండేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. అది బిడ్డకు కూడా చేరుతుంది. రోజుకు 200 మిల్లీగ్రాములు దాటవద్దని వైద్యులు చెబుతారు. రెండు చిన్న కప్పులతో ఆపేస్తే బెంగ ఉండదు.

పిల్లలు: బిస్కెట్టు, రస్కు ముంచుకోవడానికని చిన్నపిల్లలకు టీ పోయడం మంచిది కాదు. వాళ్ళకు ఆకలి, నిద్ర రెండూ చెడతాయి. పెరిగే వయసులో ఇనుము ఒంటబట్టదు.

రక్తపోటు, గుండెదడ, కడుపులో మంట ఉన్నవారు: కెఫీన్ వల్ల రక్తపోటు కొంతసేపు పెరుగుతుంది. ఎంత తాగవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

కుర్రకారు: కూల్‌డ్రింకు షాపుల్లో దొరికే ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. 250 మిల్లీలీటర్ల డబ్బా తాగితే 75 మిల్లీగ్రాముల దాకా లోపలికి వెళ్ళినట్టే. కోలా పానీయాల్లో, కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది. ఇవి కూడా లెక్కలో వేసుకోవాలి.

సందేహాలు - సమాధానాలు

పాలు ఎక్కువ పోస్తే కెఫీన్ విరిగిపోతుందా?
లేదు. పొడి ఎంత వేశారో కెఫీన్ అంతే. పాలు పలచన చేస్తాయి, అంతే.

బెల్లం టీ అయితే ఎంతైనా తాగవచ్చా?
బెల్లం పంచదారకు బదులు మాత్రమే. టీపొడి అదే, కెఫీన్ అదే. షుగరు జబ్బు ఉన్నవారికి బెల్లం కూడా పనికిరాదు.

గ్రీన్ టీలో కెఫీన్ ఉండదంటారు, నిజమేనా?
కాదు. అదీ టీ ఆకే. కెఫీన్ అందులోనూ ఉంటుంది.

పరగడుపున టీ తాగితే కడుపులో మంట వస్తోంది. ఏం చేయాలి?
లేవగానే ముందు గ్లాసు నీళ్ళు తాగి, టీని పలచగా కాచుకోండి. అయినా తగ్గకపోతే ఏదైనా కాస్త తిని, గంట ఆగి తాగండి. మంట వదలకుండా ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి.

కెఫీన్ తీసేసిన కాఫీ కొనమంటారా?
పట్నాల్లో దొరుకుతుంది. ఖరీదు ఎక్కువ. అందులోనూ కొద్దిపాటి కెఫీన్ మిగిలే ఉంటుంది. మనకు చికోరీ పాలు పెంచుకోవడం, పొడి తగ్గించుకోవడం చవకైన మార్గాలు.

చివరగా ఒక్కమాట. అన్నీ ఒకేసారి చేయాలని కూర్చుంటే ఏదీ జరగదు. ఈ వారం గోడ మీది క్యాలెండరులో గీతలు పెట్టండి. ఇంట్లో ఆడవాళ్ళ గీతలు కూడా విడిగా పెట్టండి. వారాంతంలో ఆ గీతలు లెక్కపెట్టి చూస్తే, ఏ గ్లాసు అవసరానికి తాగారో, ఏ గ్లాసు ఊరికే తాగారో మీకే తెలుస్తుంది. ఊరికే తాగిన గ్లాసుతో తగ్గించడం మొదలుపెట్టండి.